వకీలు సాబుకు మేర

చందా కోసం నేను తట్టిన మొదటి తలుపు మా ఇంటిదే. చిల్లిగవ్వ కూడా ఇవ్వనన్నది మా అత్త.

పోలీసు చర్య జరిగి, నైజాం రాజ్యం పోయి, ఊరి పక్క మిలిటరీ క్యాంపులు పల్చబడిన రోజులవి. మొట్టమొదటి ఎన్నికలు వస్తున్నాయని మోత్కూరు అంగడికి పోయివచ్చిన ప్రతివాడూ చెబుతున్నాడు. మా తాలూకాలో పోటీకి దిగేవాళ్ళు ఇద్దరని అందరూ అనుకునేవాళ్ళు. ఒకరు మా ఊరి దొర. దొరల మీద ఊళ్ళు తిరగబడిన సంఘం రోజుల్లో కోటలాంటి తన గడీకి తాళం వేసి పట్నం పారిపోయినవాడు, సైన్యం వెనకాల తెల్ల టోపీ పెట్టుకొని తిరిగొచ్చాడు. రెండో ఆయన వకీలు సాబ్. సూర్యాపేట కోర్టులో వకీలు, తిరుమలగిరిలో కిరాయి ఇంట్లో కాపురం. మా సంఘం వాళ్ళ కేసులు వాదించినందుకు ఆయన్ను కూడా జైల్లో పెట్టి, అప్పుడప్పుడే వదిలారు. సంఘంలో తిరిగిన నా పెనిమిటి ఇంకా నల్లగొండ జైల్లోనే ఉన్నాడు.

విచిత్రమేమిటంటే, ఈ ఇద్దరిలో ఎవరూ పోటీ చేస్తానని నోరు తెరిచి చెప్పలేదు. చెప్పకముందే ఇద్దరి పేరు మీదా కమిటీలు లేచాయి, వసూళ్ళు మొదలయ్యాయి. దొర కమిటీ బడి కట్టడానికని అడిగేది. మా కమిటీ జైళ్ళలో ఉన్నవాళ్ళ కుటుంబాల సాయానికని అడగమన్నది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. కొంత ఆ ఇళ్ళకు పోయేది, మిగిలింది రేపటి మోటారు కిరాయికి, కరపత్రాలకు, డిపాజిట్టుకు దాచేవాళ్ళు. సంఘం పెట్టిన రాత్రి బడిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. పైగా నా నోరు పెద్దది. అందుకని నన్ను కమిటీలో వేశారు. వేసినందుకు నేనేమీ సిగ్గుపడలేదు. ఊళ్ళో ఆ పనికి నాకంటే తగినవాళ్ళు లేరనే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను.

నాతోపాటు వసూలుకు వచ్చింది కమిటీ ఖజానాదారు. మోత్కూరులో సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణం ఆయనది. ఊరందరికీ ఆయన చాచా. మంచి మనిషి, కాని మాట మొదలుపెడితే ముగింపు తెలియదు. మా ఇంటి ముందు నిలబడి ప్రజాస్వామ్యం గురించి ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. మా అత్త చాటలో జొన్నలు చెరుగుతూ మొత్తం విన్నది.

"ఇంతకు వకీలు సాబు పోటికి దిగిండా?" అని అడిగింది.

"ఇంక చెప్పలే అక్కా. దిగుతడు," అన్నాడు చాచా.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. పోండ్రి."

"అత్తా, నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తున్నవు," అన్నాను నేను.

"నీ ఇజ్జత్ కు గింజలడుగుతున్నవా? దొర బిడ్డ పెండ్లికిచ్చినం, దొర కొడుకు పుట్టెంటికలకిచ్చినం, దొర కొత్త గుర్రం కొంటే గుడ ఇచ్చినం. గదంత ఊరికే ఇచ్చినం. సంఘమొచ్చి ఇగ ఊరికే ఇచ్చుడు లేదన్నది. మల్ల నువ్వే వచ్చి ఊరికే ఇమ్మంటవేందే పిల్లా?"

ఆమెకు కోపం రావడానికి కారణం ఉంది. మా మామ రాళ్ళేరి, పొదలు కొట్టి సాగులోకి తెచ్చిన మెట్ట చెలక ఒకటి ఊరి పడమట ఉండేది. కరువు ఏడాది దొర దగ్గర తెచ్చిన నాగుకు, అంటే తిండి గింజల అప్పుకు, వడ్డీ మీద వడ్డీ కట్టి ఆ చెలకను దొర కలుపుకున్నాడు. మామ ఆ దిగులుతోనే పోయాడు. సంఘం వచ్చాక చెలక తిరిగి మా అత్త చేతికొచ్చింది. కొడుకు జైలుకు పోయినా ఆమె ఏడవలేదు, వస్తాడులే అన్నది. చెలక మళ్ళీ పోతుందేమోనన్న భయం మాత్రం ఆమెను పట్టుకొని ఉండేది. దొర తిరిగొచ్చిన నాటి నుంచి ఆమె రోజూ పొద్దున లేవగానే అటే పోయి చూసి వచ్చేది.

ఆ రోజు వాడ మొత్తం తిరిగాం. ఒకామె బిడ్డకు జ్వరమన్నది, ఇంకొకాయన ఇంట్లో పెద్దవాళ్ళు లేరని చెప్పించాడు. లోపలి నుంచి చెప్పిస్తున్న గొంతు ఆయనదే. చాచా సైకిలు ఎక్కుతూ, "మీ ఊరోల్లు తుపాకులకు భయపడలే గని చందాకు భయపడ్తున్నరు బిడ్డా," అని నవ్వుతూనే నొచ్చుకున్నాడు.

అన్నాల వేళ మా అత్త తానే మాటెత్తింది.

"కమ్మరాయనకు ఏడాదికోసారి గింజలిస్తం గద. ఎందుకిస్తం?"

"నాగలి బాగు చేస్తడని."

"మరి ఈ వకీలాయనకు గట్లనే ఇస్తం. చందా గాదు, మేర. కల్లం కాడికి వచ్చి తీస్కొమ్మను. నేను అందరితోని ఇప్పిస్త."

మేరంటే తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. మా ఊళ్ళలో కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి పైసలు తీసుకునేవాళ్ళు కారు. పంట నూర్చి రాశి పోశాక కల్లం దగ్గరికి స్వయంగా వచ్చి, తమ బట్ట పరిచి, తమ వాటా గింజలు పట్టించుకొని పోయేవాళ్ళు. అదే మేర. అది దానం కాదు, భిక్షం కాదు. ఒకసారి బట్ట పరిచి మేర పట్టినవాడు మళ్ళీ పంట దాకా ఆ ఇంటి పనికి కట్టుబడినట్టే. పిలిస్తే రావాలి. రాకపోతే వచ్చే ఏడు ఆ కల్లంలో అడుగుపెట్టే మొహం ఉండదు.

చాచా మొదట పకపకా నవ్వాడు. తరువాత ఆలోచించి, గింజలైతేనేం, అంగట్లో అమ్మితే అవే పైసలవుతాయన్నాడు. మేరలో సగం మాత్రమే ఆయన చెవికెక్కింది. ఇచ్చే సగం విన్నాడు, పిలిచే సగం వినలేదు.

కార్తీకంలో జొన్న కల్లాలు మొదలయ్యాయి. వకీలు సాబ్ మోత్కూరు నుంచి చాచాతో కలిసి సైకిలు మీద వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండలో కూడా నల్లకోటు విప్పలేదు. పుట్టి పెరిగింది హైదరాబాదులో కావడంతో కల్లాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారట. మా అత్త చెప్పినట్టే కండువా తీసి నేల మీద పరిచాడు. అందరూ చూస్తుంటే ఆయనకు సంతోషం ఆగలేదు. మెడలో దండ వేస్తే నాయకులు ఎట్లా సంతోషిస్తారో అట్లా సంతోషించాడు. మా అత్త కుంచం నింపి, ఒకటి అనకుండా "లాభం" అంటూ పోసి, ఆయన ముఖంలోకి చూసింది.

"వచ్చే పంట దాక పిలిస్తే రావాలె మరి."

"తప్పకుండ వస్తా అవ్వా," అన్నాడు ఆయన. పెళ్ళికి తప్పకుండా రావాలంటే తప్పకుండా వస్తామని చెప్పినంత సులభంగా అన్నాడు.

మా అత్త పోయడం చూసి మిగిలిన కల్లాలవాళ్ళు కూడా పోశారు. చందాకు తలుపు వేసుకున్న ఇళ్ళే మేర అనగానే కుంచం చేత పట్టుకున్నాయి. నాకు పట్టరాని గర్వంగా ఉండేది. పక్క ఊళ్ళలో మా కమిటీకి రూపాయలు రాలడం లేదు, మా ఊళ్ళో గింజలు పోసే గుమ్ములు నిండుతున్నాయి. గింజలన్నీ మా ఇంట్లోనే పోశాం. మోత్కూరు చేర్చి అమ్ముదామని చాచా తొందరపెట్టాడు గాని, వకీలు సాబే వద్దన్నాడు.

"నేను పోటీ చేస్తున్నట్టు ఖాయం కాలేదు. అప్పటిదాక దీన్ల ఒక్క గింజ గుడ ఎవ్వరు ముట్టద్దు. మా ఇంటికైనా సరే," అన్నాడు.

మా అత్తకు ఆ మాట నచ్చింది. చాచాకు నచ్చలేదు.

ఇక ఊరు ఆయన్ను పిలవడం మొదలుపెట్టింది. ఒకరి ఎడ్లను దొర మనుషులు బందెలదొడ్డిలో కట్టేస్తే పిలిచారు. వచ్చాడు. ఇద్దరన్నదమ్ములు బావి నీళ్ళ దగ్గర తలలు పగలగొట్టుకుంటే పిలిచారు. వచ్చాడు, కాని ముఖం చిట్లించుకొని వచ్చాడు. ఇంకోసారి ఒక ముసలాయన తన కోడలు సరిగ్గా తిండి పెట్టడం లేదని కబురు పంపాడు. ఈసారి వకీలు సాబ్ రాలేదు, చాచా వచ్చాడు.

"వకీలు సాబ్ లీడర్ అక్కా! మీ ఊరి కమ్మరాయన గాదు!" అని మా వాకిట్లో గట్టిగా అన్నాడు.

"మరి కండువ ఎందుకు పరిచిండు?" అన్నది మా అత్త.

దేశానికి రాజ్యాంగం రాసుకున్నారని, ఓటు హక్కు వచ్చిందని చాచా చాలాసేపు చెప్పాడు. ఆమె మజ్జిగ ఇచ్చి పంపింది. నేను లోపల నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. ఒక సాయంత్రం దొర గుమాస్తా దండోరా వేయించాడు. పడమటి చెలక దొరవారిదని, ఎల్లుండి అందులో దొరవారి నాగళ్ళు దిగుతాయని, అడ్డం వచ్చినవాళ్ళను పోలీసులు పట్టుకుపోతారని డప్పు మీద చెప్పించాడు. మా అత్త చేతిలోని చెంబు కింద పెట్టి అట్లాగే కూర్చుండిపోయింది. తరువాత నా వైపు తిరిగింది.

"పోయి వకీలు సాబును పిల్సుకరా."

మరునాడు తెల్లవారుజామునే బయలుదేరి, కొంత నడిచి, కొంత పత్తి బండి మీద, తిరుమలగిరి చేరాను. వకీలు సాబు ఇల్లు చిన్నది, ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. చాచా అక్కడే ఉన్నాడు. నేను విషయం చెప్పగానే వకీలు సాబు ముఖం మారింది. ఆయన కంటే ముందు చాచా మాట్లాడాడు.

"రేపా? రేపే గద ఈడ మీటింగు! జిల్లా నుంచి పెద్దలొస్తున్నరు. పోటికి ఎవరనేది రేపే తేలుస్తరు. ఈయన ఎదురుంగ లేకపోతే ఇంకో పేరు రాసుకొని పోతరు. ఇన్ని నెల్లు తిరిగింది గంగల కలుస్తది. దొరకు గిది తెలిసే రేపు పెట్టిండు, తెలుస్తలేదా బిడ్డా?"

నాకు ఆ మాట అక్కడే అర్థమైంది. అర్థమైనా నేను వెనక్కి తగ్గే రకం కాదు.

"తెలుస్తున్నది. గందుకే వచ్చిన," అన్నాను.

వకీలు సాబ్ మెల్లగా, "సూర్యాపేటల నా దోస్తు వకీలున్నడు. మంచిగ మాట్లాడ్తడు. ఆయనను పంపుతనమ్మా," అన్నాడు.

"కమ్మరాయనను పిలిస్తే కుమ్మరాయన వస్తడా సారూ? మేర పట్టింది మీరు."

"ఏందమ్మా ఈ మేర? ప్రతి ఒక్కరు అదే మాట అంటున్నరు."

అప్పుడు చెప్పాను. బట్ట పరచడమంటే ఏమిటో, పిలిస్తే రావడమంటే ఏమిటో, రాకపోతే ఏమవుతుందో. ఆయన చదివిన చదువుకు అది నిమిషంలో తలకెక్కింది. కల్లం తరువాత కల్లంలో తాను సంబరంగా చేసినదేమిటో తెలిసి కుర్చీలో వెనక్కి ఒరిగాడు. చాచా మాత్రం ఇదంతా పల్లెటూరి ముచ్చట అని కొట్టిపారేస్తున్నాడు.

"నువ్వు పో అమ్మా," అన్నాడు చివరికి వకీలు సాబ్. వస్తానని అనలేదు, రానని అనలేదు. వాకిలి దాటుతుంటే లోపలి గది గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి మా మాటలు వింటున్నట్టు కనిపించింది. ఆయన భార్య అనుకున్నాను. నేను చూడగానే లోపలికి పోయింది.

మా అత్తకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. పొద్దు పొడిచేసరికి ఆమె చెలకలో ఉన్నది.

నాగళ్ళు వచ్చాయి. వాటి వెనక గుమాస్తా, రెవెన్యూ గిర్దావరు, ఇద్దరు పోలీసులు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడింది గాని ఎవరూ కిందికి దిగలేదు. దిగితే కేసు. జైలు రుచి అప్పటికి ప్రతి ఇంటికీ తెలుసు. వాళ్ళను నేను తప్పు పట్టను. మా అత్త మొదటి నాగలి ముందు, ఎడ్ల కాళ్ళ దగ్గర, కోసిన జొన్న కొయ్యకాళ్ళ మధ్య కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"లే ముసల్దానా," అన్నాడు గుమాస్తా.

"నా చెలకల నేను కూసున్న. నువ్వెందుకు నిలవడ్డవు?"

రెండో నాగలివాడిని అవతలి నుంచి పోనిమ్మని గుమాస్తా కేకేశాడు. ఆ నాగలి కర్రు మట్టిలో దిగి సాగుతుంటే మా అత్త కళ్ళు మూసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి పోయి ఆ ఎడ్ల మోరకు అడ్డంగా నిలబడి, దొరనూ గుమాస్తానూ వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలనూ కలిపి తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు ముసలివాళ్ళకు అవి నోటికి వస్తాయి. ఒక పోలీసు నా రెక్క పట్టుకున్నాడు. ఇంకొకడు మా అత్తను లేపబోతే ఆమె గుప్పిళ్ళతో కొయ్యలు పట్టుకుంది. చేతులు కోసుకుపోయి నెత్తురు వచ్చింది.

అప్పుడు గట్టు మీద జనం కదిలారు. ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన నల్లకోటుతో వకీలు సాబ్ వస్తున్నాడు. సైకిలు తొక్కడం లేదు, తోసుకుంటూ వస్తున్నాడు. ఎక్కడో దారిలో ట్యూబు పగిలిందట, అక్కడి నుంచి నడకే. నా జన్మలో ఏ మనిషిని చూసీ నాకు అంత సంతోషం కలగలేదు. జైలు నుంచి నా పెనిమిటి వచ్చిననాడు కూడా కలగలేదంటే ఆయన ఏమనుకుంటాడో గాని, నిజం అదే.

ఆయన మా వైపు చూడలేదు. నేరుగా గిర్దావరు దగ్గరికి పోయి ఉర్దూలో సలాం చెప్పి, తరువాత అందరికీ వినబడేట్టు తెలుగులో మాట్లాడాడు.

"పంచనామా రాయండి సాబ్. దొరగారి నాగలి ముసలామె సాగులున్న చెలకల దిగిందని రాయండి. ఎవరి హుకుంతోని దిగిందో రాయండి. కింద మీరు దస్తకత్ పెట్టండి, దొరగారి తరఫున గుమాస్తాగారు పెడ్తరు. నేను సాక్షి."

గిర్దావరు గుమాస్తా వైపు చూశాడు. "పంచనామా ఎందుకు? జబానీ హుకుమే ఉన్నది," అన్నాడు. నోటి మాట తప్ప కాగితం లేదన్న సంగతి అట్లా బయటపడింది.

"జబానీ అయితే ఇంకా మంచిది. జబానీ హుకుం మీద నాగలి దింపినమని రాయండి. ఎలక్షన్లొస్తున్నయి. దొరగారు ఓట్లకని ఏ ఊరికి పోయినా, ఆ ఊర్లె గీ పంచనామా నేను చదివి వినిపిస్త. ముసలామె చేతుల నెత్తురు గుడ రాయండి."

బడి కట్టిస్తానని ఊరూరా వసూలు చేస్తున్న తన యజమాని పేరు అట్లాంటి కాగితం మీద ఎక్కితే తన గతేమవుతుందో గుమాస్తాకు తెలుసు. దొరను అడిగి వస్తానన్నాడు. గిర్దావరు అతనికంటే ముందే గొడుగు తీసుకొని గట్టెక్కాడు. పోలీసులు కాసేపు చూసి వాళ్ళ వెంట పోయారు. నాగళ్ళు తిరిగి పోతుంటే గట్టు మీది జనం, అప్పుడు, అందరూ ఒకేసారి చెలకలోకి దిగారు. గుంపులో ధైర్యానికేం కొదవ!

మా అత్త దండం పెట్టలేదు, పొగడలేదు. మూటలో తెచ్చుకున్న జొన్న గటక, పచ్చిపులుసు ఆయన ముందు పెట్టింది.

"తిను. పని చేసినోడు తినకుంట పోవద్దు."

ఆయన గట్టు మీద కూర్చొని తిన్నాడు. ఎంత ఆకలి మీదున్నాడో గాని, వేళ్ళు కూడా నాకాడు. నేను ఉండబట్టలేక, "మీటింగు ఏమాయె సారూ?" అని అడిగాను.

"నేను సైకిలెక్కేటప్పుడు షురూ అయింది," అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు లేదు. నేను జాగ్రత్తగా చూశాను.

మరునాడు చాచా బండ్లు కట్టించుకొని వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పోటీకి వేరే ఆయన పేరు ఖాయమైందట. మా ఇంట్లోని గింజలు కమిటీవి గనుక, కమిటీ ఎవరిని పోటీలో పెడితే వాళ్ళకే చెందుతాయన్నాడు. న్యాయంగా చూస్తే ఆయన మాట తీసిపారేసేది కాదు. దొరను ఓడించాలంటే ఎవరికైనా ఖర్చవుతుంది. ఆయనకు దొర మీద మాకంటే తక్కువ కోపమేమీ లేదు.

"ఆ కొత్తాయన వస్తడా?" అన్నది మా అత్త.

"ఆయనకు టైమేడిదక్కా? ఊరూర తిరగాలె."

"వస్తె కండువ పరుస్తడు. పరిస్తె పిలుస్తం. పిలిస్తె రావాలె. ఒప్పుకుంటడేమో అడిగి చెప్పు."

"వకీలు సాబ్ పోటికే లేడు గదక్కా! మరి ఈ గింజలెందుకాయనకు?"

"కుర్చికని ఇయ్యలేదు, పనికిచ్చినం. పని అయింది. ఇగ అవి కమిటివి గావు, నావి గుడ గావు."

చాచా వాడంతా తిరిగి ఎవరి వాటా సంగతి వాళ్ళను అడిగాడు. రెండిళ్ళవాళ్ళు తమ వాటా కొత్తాయనకే ఇమ్మన్నారు. ఆ మేరకు కొలిచి బండికెత్తాం. మిగిలిన బండ్లు ఖాళీగా పోయాయి. తరువాత ఆ కొత్తాయన దొరను ఓడించాడు కూడా. మేమంతా ఓట్లు ఆయనకే వేశాం, వేసినందుకు నాకు విచారం లేదు. కాని గెలిచాక మా ఊరి వైపు తొంగి చూస్తే ఒట్టు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

అది తరువాతి మాట. చాచా పోయిన మర్నాడే మా అత్త బండి కట్టించింది. చేతులకు పసుపు పట్టించి గుడ్డలు చుట్టుకొని, గింజల బస్తాల మీద కూర్చుంది. నేను ఆమె పక్కన. తిరుమలగిరి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వకీలు సాబ్ ఇంట్లో లేడు, కోర్టు పని మీద సూర్యాపేట పోయాడట. మొన్న గుమ్మంలో కనిపించిన ఆమే తలుపు తీసింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. చంకలో బిడ్డ. నన్ను గుర్తుపట్టి, మళ్ళీ ఏదో కేసు కోసం వచ్చామనుకొని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఇచ్చి, నేల చూపులు చూస్తూ నిలబడింది.

"దూరం నుంచొచ్చిండ్రు. బువ్వ పెట్టాలె. ఇంట్ల గింజల్లేవు. ఏమనుకోకుండ్రి," అన్నది.

మా అత్త నా వైపు చూసింది. నేను తల తిప్పుకొని వంటింట్లోకి చూశాను. మూలన గుమ్మి ఉన్నది, బోర్లించి ఉన్నది. పొయ్యి మీద ఏమీ లేదు. జైల్లో ఉన్నన్ని నెలలు ఆయనకు సంపాదన లేదు. వచ్చాక కేసులిచ్చేవాళ్ళు భయపడి దగ్గరికి రాలేదు. ఒక పక్క మా ఇంట్లో ఆయన పేరు మీద గుమ్ములకు గుమ్ములు నిండి ఉంటే, ఇక్కడ ఆయన ఇల్లు చేబదులు జొన్నలతో నడుస్తున్నది. ఒక్క గింజ ముట్టవద్దని అన్నప్పుడు, మా ఇంటికైనా సరే అన్నప్పుడు, ఆ మాట నేను ఊరికే విన్నాను. మొన్న గట్టు మీద ఆయన వేళ్ళెందుకు నాకాడో అప్పుడు అర్థమైంది.

మా అత్త లేచి, ఆ గుమ్మిని తానే తిప్పి నిలబెట్టింది. బండివాడు బస్తా తెచ్చి కుమ్మరించాడు. వకీలు సాబు భార్య గాభరాపడింది.

"ఒద్దొద్దు. అవి ఎలక్షన్ గింజలు. ముట్టద్దని చెప్పిండు."

"ఎలక్షన్ పోయింది బిడ్డా. ఇవి నీ పెనిమిటి కష్టం."

"ఏం కష్టం జేసిండు?"

నేను చెప్పాను. చెలక గురించి, నాగళ్ళ గురించి, పంచనామా గురించి, తిరిగి పోయిన గుమాస్తా గురించి. ఆయన ఇంట్లో ఇదేమీ చెప్పలేదట, మీటింగు పోయిందని మాత్రం చెప్పి పడుకున్నాడట. ఆమె వింటూ వింటూ గుట్టుగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా అత్త మాత్రం బస్తాలు దింపించుకునే పనిలో ఉన్నది. నాలుగో బస్తా పడేసరికి గుమ్మి నిండి గింజలు నేల మీదికి జారాయి. బిడ్డ దిగి వాటిలో చేతులు పెట్టి ఆడుకోసాగింది.

ఆ ఇల్లాలు కళ్ళు తుడుచుకొని, గుడ్డలు చుట్టిన మా అత్త చేతులు పట్టుకుంది.

"మల్ల పిలుస్తరా ఆయనను?"

"పిలుస్తం. వచ్చే పంట దాక పిలుస్తనే ఉంటం. గుమాస్త ఊకుంటడా? చెలకకు కాయిదం కావాలె, నా కొడుకు జైల్ల ఉన్నడు, ఎన్నిసార్లు పిలవాల్నో ఏమో."

"పిలువుండ్రి," అన్నది ఆమె. "రానంటె నేను పంపుతా."